ఒకే మెషీన్‌లో నాలుగు జీసీసీలు

జీసీసీ అంటే సీ, సీ++ కోడ్‌ని మెషీన్ నడపగల ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్. నా లైనక్స్ మెషీన్‌లో ప్రస్తుతం దాని 9, 12, 13, 14 వెర్షన్లు నాలుగూ ఉన్నాయి. పక్కన క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌వి రెండు వెర్షన్లు కూడా. ఎందుకింత సంత అని చూసినవాళ్లు అడుగుతుంటారు. కారణాలు మామూలువే. ఉబుంటు 20.04 సర్వర్ల మీద ఇంకా నడుస్తున్న సర్వీస్ ఒకటుంది, అక్కడి డిఫాల్ట్ జీసీసీ 9. జీపీయూ కోడ్ కొంత ఉంది, మేం వాడే కుడా (ఎన్విడియా జీపీయూ టూల్‌కిట్) వెర్షన్ జీసీసీ 12 దాటితే హోస్ట్ కంపైలర్‌గా, అంటే సీపీయూ వైపు కోడ్ కంపైల్ చేసేదిగా, ఒప్పుకోదు. రోజువారీ పనంతా ఉబుంటు 24.04తో వచ్చే 13 మీద. ఇక 14 దేనికంటే, తిట్లు తినడానికి.

నిజంగానే దానికే. ప్రతి కొత్త జీసీసీ పాత కోడ్‌లో ఏదో ఒక గుట్టు బయటపెడుతుంది. 2020లో జీసీసీ 10 వచ్చినప్పుడు, ఎక్స్‌టర్న్ (అసలుది వేరేచోట ఉందని చెప్పే మాట) లేకుండా సీ హెడర్‌లో (చాలా సోర్స్ ఫైళ్లు పంచుకునే ఫైల్) రాసిపడేసిన గ్లోబల్ వేరియబుల్స్ అన్నీ లింకింగ్ దగ్గర, అంటే కంపైలైన ముక్కల్ని ఒక ప్రోగ్రామ్‌గా అతికేచోట, ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటూ లేచాయి. అంతకుముందు -ఎఫ్‌కామన్ అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఉండి, వాటన్నిటినీ చప్పుడు చెయ్యకుండా ఒకటిగా కలిపేసేది. జీసీసీ 13లో స్టాండర్డ్ లైబ్రరీ హెడర్లు లోలోపల ఒకదాన్నొకటి లాక్కోవడం తగ్గించారు. సీఎస్‌టీడీఇంట్ హెడర్ పెట్టకుండా అందులోని యూఇంట్32_టీ టైప్ వాడుకుంటూ బతికేసిన ఫైళ్లన్నీ అప్పుడు దొరికిపోయాయి. 2024లో వచ్చిన 14 అయితే, సీ కోడ్‌లో డిక్లేర్ చెయ్యని ఫంక్షన్‌ని పిలిస్తే వార్నింగ్‌తో వదిలిపెట్టదు, ఎర్రరే. సీ99 ప్రమాణం ఎప్పుడో తీసేసిన సదుపాయం అది. జీసీసీ పాతికేళ్లు ఓర్చుకుంది. కాబట్టి నాలుగు వెర్షన్లూ ఉండటం మంచిదే. అసలు గొడవ వాటి మధ్య మారే పద్ధతిలో ఉంది.

ఎవర్ని అడిగినా మొదట చెప్పేది అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్. ఉబుంటుకి మూలమైన డెబియన్ లైనక్స్ వాళ్ల పనిముట్టు. సంగతి చిన్నదే: /యూఎస్ఆర్/బిన్‌లో ఉండే పేరు ఒక సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్ వైపు చూపే పేరు), అది /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్‌లో ఉన్న ఇంకో లింక్‌ని చూపిస్తుంది, ఆ రెండోది అసలు ప్రోగ్రామ్‌ని చూపిస్తుంది. ఒక్కో వెర్షన్‌కి ఒక ప్రయారిటీ నంబర్ ఇస్తాం. ఆటో మోడ్‌లో ఎక్కువ నంబర్ ఉన్నది గెలుస్తుంది, మనం చేత్తో ఎంచుకుంటే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లి అక్కడే ఉంటుంది. డిఫాల్ట్ ఎడిటర్ మార్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. జీసీసీకి మాత్రం నాకు నచ్చదు.

మొదటి అభ్యంతరం, ఉబుంటులో జీసీసీ అనే లింక్ జీసీసీ ప్యాకేజీ సొంత ఆస్తి. డిస్ట్రో, అంటే ఉబుంటు, దాన్ని ఆల్టర్నేటివ్స్ చేతిలో పెట్టలేదు. సీసీ, సీ++ లాంటి సాధారణ పేర్లనే పెట్టింది. మనం మధ్యలో దూరి జీసీసీ లింక్‌ని ఆల్టర్నేటివ్స్‌లోకి లాగితే, రేపు ఆ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు తన లింక్‌ని తాను మళ్లీ పరుచుకుంటుంది. రాత్రి ఒక కంపైలర్, పొద్దున ఇంకో కంపైలర్.

రెండోది, జీసీసీ ఒంటరిగా రాదు, కుటుంబంతో వస్తుంది. సీ++ కోడ్ కంపైల్ చేసే జీ++ ఉంది, టెస్టుల్లో ఏ లైన్లు నడిచాయో కవరేజీ లెక్కలు చూసే జీకావ్ ఉంది, లింక్ టైమ్ ఆప్టిమైజేషన్‌కి (ఎల్‌టీఓ) కావాల్సిన జీసీసీ-ఏఆర్, జీసీసీ-ఎన్ఎం, జీసీసీ-రాన్‌లిబ్ ఉన్నాయి. వీటన్నిటినీ స్లేవ్ లింకులుగా (ప్రధాన లింక్‌తో పాటే మారేవి) కట్టకపోతే జీసీసీ ఒక్కటి 9కి మారి, జీ++ 13లోనే ఉండిపోతుంది. జీకావ్ అయితే మొహం మీదే చెప్తుంది, ఈ డేటా ఫైల్ నా వెర్షన్‌ది కాదని. ఎల్‌టీఓ కూడా అంతే, వేరే వెర్షన్ చేసిన ఆబ్జెక్ట్ ఫైల్ (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైలై వచ్చే ముక్క) ఇస్తే బైట్‌కోడ్ వెర్షన్ సరిపోలేదని ఆగిపోతుంది. అలా గొంతెత్తి చెప్పేవాటితో ఇబ్బంది లేదు.

నోరెత్తనివాటితోనే నా పేచీ. మూడో అభ్యంతరం అదే, అసలైనదీ అదే.

ఒక బిల్డ్ ఫోల్డర్ ఉందనుకుందాం. బిల్డ్ ప్లాన్ రాసేది సీమేక్, దాని ప్రకారం కంపైలర్‌ని నడిపేది నింజా. కాన్ఫిగర్ చేసినప్పుడు సీమేక్ కంపైలర్‌ని వెతికి, /యూఎస్ఆర్/బిన్/సీ++ అన్న దారిని సీమేక్‌క్యాష్ ఫైల్‌లో రాసుకుంటుంది. లింక్ చివర ఎవరున్నారో రాసుకోదు, లింక్ పేరే రాసుకుంటుంది. ఆ కంపైలర్‌ని ఒకసారి నడిపి వెర్షన్ ఎంత, దాని సొంత హెడర్లు ఎక్కడ, లైబ్రరీలు ఎక్కడ అని తెలుసుకుని ఆ వివరాలు సీమేక్‌ఫైల్స్ అనే సబ్‌ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అప్పుడు వెర్షన్ 9. రెండొందల ఫైళ్లు కంపైల్ అయ్యాయి. ఇప్పుడు మనం ఆల్టర్నేటివ్స్‌తో లింక్‌ని 13 వైపు తిప్పాం. పది ఫైళ్లలో ఏదో సవరించాం. మళ్లీ నింజా కొట్టాం.

ఏమవుతుంది? నింజా దృష్టిలో కమాండ్ మారలేదు, అదే /యూఎస్ఆర్/బిన్/సీ++. సోర్స్ ఫైళ్లలో మారినవి పదే. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు ఆధారపడిన హెడర్లు /యూఎస్ఆర్/ఇంక్లూడ్/సీ++/9 కింద చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి, వాటి టైమ్‌స్టాంప్‌లూ అవే. కాబట్టి ఆ పదింటిని మాత్రం 13తో కంపైల్ చేసి, 9తో చేసిన నూట తొంభైతో కలిపి లింక్ చేసేస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. సీమేక్ ఇంకా వెర్షన్ 9 అనే నమ్ముతూ ఉంటుంది. సీమేక్ ఫైల్‌లో ‘కంపైలర్ వెర్షన్ 10 కంటే ఎక్కువైతే ఈ ఫ్లాగ్ పెట్టు’ అని రాసి ఉంటే, ఆ షరతు పాత జవాబే ఇస్తుంది.

చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది కూడా. లిబ్‌ఎస్‌టీడీసీ++ (జీసీసీతో వచ్చే సీ++ లైబ్రరీ) వాళ్లు ఏబీఐ (కంపైలైన ముక్కలు ఒకదానితో ఒకటి సరిపోయే ఒప్పందం) విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు, లైబ్రరీ పేరు చివరి 6 అన్న అంకె 2004లో జీసీసీ 3.4 నాటి నుంచి మారలేదు. కానీ ఆ హామీ స్థిరపడిన భాషా ప్రమాణాలకే. జీసీసీ 9లో సీ++20 సదుపాయాలు ఇంకా ప్రయోగదశలో ఉన్నాయి. వాటిని అక్కడొకసారి, 13లో ఒకసారి కంపైల్ చేసి కలిపితే ఎవరూ పూచీ పడరు.

ఏ ఆబ్జెక్ట్ ఫైల్ ఏ కంపైలర్ చేసిందో తెలుసుకోవడం తేలిక. రీడ్‌ఎల్ఫ్ -పీ .కామెంట్ అని కొట్టి ఫైల్ పేరిస్తే, జీసీసీ తన వెర్షన్‌ని ఆ సెక్షన్‌లో రాసి వెళ్లిన లైన్ కనిపిస్తుంది. చివరి ప్రోగ్రామ్ మీద కాకుండా ఒక్కో ఆబ్జెక్ట్ ఫైల్ మీద చూడండి. ప్రోగ్రామ్‌లో సిస్టమ్ ఇచ్చే స్టార్టప్ ఫైళ్లు కూడా కలుస్తాయి కనుక వాటి కంపైలర్ పేరు కూడా అక్కడ తేలి కంగారుపెడుతుంది.

అందుకే నేను లింక్‌ని ముట్టుకోను. పూర్తి పేరుతో పిలుస్తాను: జీసీసీ-12, జీ++-12. ఉబుంటు, డెబియన్ రెండూ ప్రతి వెర్షన్‌నీ ఈ పేర్లతోనే ఇస్తాయి. ఒకే క్లాసులో నలుగురు శ్రీనివాసులుంటే ఇంటిపేరుతోనే కదా పిలుస్తాం. ఇలా పిలిస్తే కమాండ్ లైన్‌లోనే వెర్షన్ ఉంటుంది. నింజా ప్రతి ఫైల్‌కీ వాడిన కమాండ్ తాలూకు హ్యాష్‌ని (వేలిముద్ర లాంటి సంఖ్య) తన లాగ్‌లో దాచుకుంటుంది. కమాండ్ మారితే ఆ ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేస్తుంది. మేక్ అనే పాత బిల్డ్ పనిముట్టుకి చేత్తో రాసిన మేక్‌ఫైల్‌కి ఈ తెలివి లేదు, అది టైమ్‌స్టాంప్‌లే చూస్తుంది. కాబట్టి మేక్ వాడేచోట ఒక్కో వెర్షన్‌కి ఒక్కో బిల్డ్ ఫోల్డర్ తప్పదు. నేను నింజాకి కూడా విడివిడిగానే పెడతాను: బిల్డ్-9, బిల్డ్-12, బిల్డ్-13. డిస్క్ ఎక్కువ తింటుంది, తిననీ.

ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ, సీఎక్స్ఎక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సంగతి కూడా చెప్పాలి. సీమేక్ వాటిని ఒక బిల్డ్ ఫోల్డర్‌లో మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడే చూస్తుంది. తర్వాత ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా పట్టించుకోదు. ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలెట్టాలి, లేదా 3.24 నుంచి వచ్చిన --ఫ్రెష్ ఆప్షన్ వాడాలి. వాటిని బాష్ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే ఫైల్) పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు భయం. ఆరు నెలల తర్వాత ఇంకేదో లైబ్రరీ బిల్డ్ చేస్తున్నప్పుడు, ఇది 9తో ఎందుకు కంపైల్ అవుతోందో ఎవరికీ అంతుపట్టదు. సీమేక్ ప్రీసెట్స్ అని 3.19 నుంచి ఒక జేసన్ ఫైల్ ఉంది, కంపైలర్ పేరు, బిల్డ్ ఫోల్డర్ పేరు అందులో రాసి సోర్స్‌తో పాటు గిట్‌లో పెట్టేస్తే అందరికీ ఒకటే.

చిన్న సంగతి ఇంకోటి. పాత్‌లో (షెల్ ప్రోగ్రామ్‌లని వెతికే ఫోల్డర్ల జాబితా) కొత్త ఫోల్డర్ చేర్చి అందులో కొత్త జీసీసీ పెట్టాక కూడా బాష్ షెల్ పాతదాన్నే నడుపుతుంటే, అది ఇంతకుముందు వెతికిన దారిని గుర్తుపెట్టుకుందన్నమాట. ఆ గుర్తు చెరపడానికి హ్యాష్ -ఆర్ కొట్టండి. విచ్ కంటే టైప్ -ఏ మంచిది, పాత్‌లో ఆ పేరుతో ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది.

ఇప్పుడు అసలు పెద్ద అపోహ దగ్గరికి వద్దాం. ‘సర్వర్‌లో జీసీసీ 9 ఉంది, నా మెషీన్‌లోనూ జీసీసీ 9 వేసుకున్నాను, ఇక్కడ బిల్డ్ చేసి అక్కడ పెడితే నడుస్తుంది.’ వినడానికి నిక్షేపంలా ఉంటుంది. నడవదు.

నమ్మకం లేకపోతే, మెయిన్ ఫంక్షన్‌లో రిటర్న్ 0 తప్ప ఏమీ లేని ప్రోగ్రామ్ రాసి, 24.04 మెషీన్‌లో జీసీసీ-9తో కంపైల్ చేసి, 20.04కి పంపండి. అక్కడి సిస్టమ్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ సరిపోక ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటుంది. ఏమీ పిలవని ప్రోగ్రామ్‌కి ఇదెక్కణ్ణుంచి వచ్చింది? ఆబ్జ్‌డంప్ -టీ (పెద్ద టీ) తో చూస్తే, లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్ అనే సింబల్ (లైబ్రరీలోని ఫంక్షన్ పేరు) పక్కన జీలిబ్‌సీ_2.34 అని ఉంటుంది. మెయిన్ కంటే ముందు నడిచే స్టార్టప్ కోడ్ పిలిచే ఫంక్షన్ అది. ఆ స్టార్టప్ ఫైల్ జీసీసీది కాదు, మెషీన్‌లో ఉన్న జీలిబ్‌సీది. 2021లో వచ్చిన జీలిబ్‌సీ 2.34లో థ్రెడ్ల కోసం ఉన్న పీథ్రెడ్ లైబ్రరీని లిబ్‌సీలోనే కలిపేశారు, ఈ సింబల్‌కి కొత్త వెర్షన్ కూడా అప్పుడే ఇచ్చారు. 20.04లో ఉన్నది 2.31, 24.04లో ఉన్నది 2.39. కంపైలర్ పాతదైనా అది లింక్ చేసేది మన మెషీన్‌లోని కొత్త జీలిబ్‌సీతో.

సీ++ కోడ్‌లో ఇంకో మెలిక. జీలిబ్‌సీ 2.38 నుంచి జీఎన్‌యూ ఎక్స్‌టెన్షన్లు ఆన్‌లో ఉంటే, స్ట్రింగ్‌ని అంకెగా మార్చే ఎస్‌టీఆర్‌టీఓఎల్ లాంటి ఫంక్షన్లు సీ23 పద్ధతి కోసం వేరే పేరున్న సింబల్‌కి మళ్లుతాయి. జీ++ ఆ ఎక్స్‌టెన్షన్లని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, అయినా బైనరీ 2.38 అడుగుతుంది.

లిబ్‌ఎస్‌టీడీసీ++ని స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రామ్ ఫైల్ లోపలే, కలిపే ఆప్షన్ పెడితే సరిపోతుందంటారు కొందరు. దాంతో ‘జీలిబ్‌సీఎక్స్ఎక్స్_3.4.30 నాట్ ఫౌండ్’ లాంటి ఎర్రర్లు పోతాయి, అవి సీ++ లైబ్రరీవి కనుక. జీలిబ్‌సీది అలాగే ఉంటుంది. రెండు పేర్లూ చూడటానికి కవలల్లా ఉంటాయి, ఎర్రర్‌లో చివర ఎక్స్ఎక్స్ ఉందా లేదా అన్నది ఒకటికి రెండుసార్లు చూడండి.

మందు ఏంటంటే పాత మెషీన్ లోపలే బిల్డ్ చెయ్యడం. నేను 20.04 కంటైనర్‌లో (నా మెషీన్ లోపలే విడిగా నడిచే పాత సిస్టమ్) చేస్తాను. హెడర్లు, స్టార్టప్ ఫైళ్లు, జీలిబ్‌సీ అన్నీ అప్పటివే. నా మెషీన్‌లో ఉన్న జీసీసీ 9 వట్టి సింటాక్స్ పరీక్షకి, ఎడిటర్‌లో ఎర్రర్లు ముందే చూసుకోవడానికి పనికొస్తుంది. ఆ పాటి దానికే ఉంచుకున్నాను.

దీన్నే తిరగేసి చేసినవాళ్లు రెడ్ హ్యాట్ వాళ్లు, ఆ ఆలోచన నాకు భలే ఇష్టం. జీసీసీ-టూల్‌సెట్ అని (పాత పేరు డెవ్‌టూల్‌సెట్) పాత సిస్టమ్ మీదే కొత్త కంపైలర్ ఇస్తారు. సిస్టమ్‌లోని పాత లిబ్‌ఎస్‌టీడీసీ++లో ఉన్నవన్నీ దాన్నుంచే తీసుకుంటుంది. అందులో లేని కొత్త ముక్కల్ని మాత్రం స్టాటిక్‌గా మన బైనరీలో కలిపేస్తుంది. సీ++ కొత్తది, బైనరీ మాత్రం పాత మెషీన్‌లో కూడా నడుస్తుంది. పైథాన్ ప్యాకేజీల కోసం వాడే మెనీలైనక్స్2014 అనే తయారు కంటైనర్‌దీ ఇదే పద్ధతి: రెడ్ హ్యాట్ తరహా సెంట్ఓఎస్ 7 మీద డెవ్‌టూల్‌సెట్, జీలిబ్‌సీ 2.17.

జావావాళ్లకి ఈ నొప్పి బాగా తెలుసు. జేడీకే (జావా కంపైలర్ కిట్) 9 లేదా ఆ పైదానితో సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టి కంపైల్ చేస్తే క్లాస్ ఫైల్ వెర్షన్ 52 (జావా 8ది) అనే వస్తుంది, జావా 8 లోడ్ కూడా చేసుకుంటుంది. తీరా నడుస్తుండగా బైట్‌బఫర్ అనే క్లాస్‌లో ఫ్లిప్ మెథడ్ పిలిచిన చోట ‘నోసచ్‌మెథడ్‌ఎర్రర్’. జావా 8లో ఆ మెథడ్ బఫర్‌ని తిరిగిచ్చేది, 9లో బైట్‌బఫర్‌నే తిరిగిచ్చేలా మార్చారు. కంపైలర్ చూసింది కొత్త లైబ్రరీని మరి. జేడీకే 9 నుంచే వచ్చిన --రిలీజ్ 8 పెడితే పాత ఏపీఐ జాబితానే చూసి కంపైల్ చేస్తుంది. సీ++కి అంత తేలికైన ఆప్షన్ ఒకటుంటే బాగుండు.

క్లాంగ్ ఉన్నవాళ్లకి ఒక మాట. లైనక్స్‌లో క్లాంగ్ మామూలుగా జీసీసీ వాళ్ల సీ++ లైబ్రరీనే వాడుతుంది, మెషీన్‌లో ఉన్న జీసీసీల్లో అన్నిటికంటే కొత్తదాన్ని పట్టుకుంటుంది. ఏదో ప్యాకేజీ వెంటపడి జీసీసీ-12 వచ్చి, దాని లిబ్‌ఎస్‌టీడీసీ++-12-డెవ్ రాకపోతే, నిన్నటిదాకా నడిచిన క్లాంగ్ ఇవాళ ‘ఐఓస్ట్రీమ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అంటుంది. క్లాంగ్++ -వీ కొడితే ‘సెలెక్టెడ్ జీసీసీ ఇన్‌స్టలేషన్’ అన్న లైన్‌లో ఎవర్ని పట్టుకుందో చెప్తుంది. ఆ డెవ్ ప్యాకేజీ వేస్తే పోతుంది.

పద్ధతుల్లో నాకు ముచ్చటేసేది రస్ట్ భాష వాళ్లది. కార్గో బిన్ ఫోల్డర్‌లో ఉండే రస్ట్‌సీ అసలు కంపైలర్ కాదు, రస్టప్ అనే వెర్షన్ మేనేజర్ పెట్టిన గుమ్మం. పిలిచిన ప్రతిసారీ ముందు కమాండ్‌లో ప్లస్ గుర్తుతో వెర్షన్ ఇచ్చామా, లేకపోతే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉందా, ఆ ఫోల్డర్‌కి ఓవర్‌రైడ్ ఉందా, రస్ట్-టూల్‌చెయిన్ ఫైల్ ఉందా అని ఈ వరసలో చూసి, ఏదీ లేకపోతేనే డిఫాల్ట్‌కి వెళ్తుంది. వెర్షన్ ప్రాజెక్ట్‌లోనే రాసి ఉంటుంది, మనిషికి మారే పనే లేదు. గో భాష కూడా 2023లో వచ్చిన 1.21 నుంచి గో.మాడ్ ఫైల్‌లో టూల్‌చెయిన్ లైన్ చదివి, కావాల్సిన వెర్షన్‌ని తానే దించుకుంటోంది.

పెద్ద క్లస్టర్ల మీద పనిచేసేవాళ్లకి, కావాల్సిన వెర్షన్‌ని ఆ టెర్మినల్‌కి తెచ్చే ‘మాడ్యూల్ లోడ్’ అలవాటే. 1991 నుంచి ఉన్న ఆలోచన. అదెందుకు మామూలు ప్రోగ్రామ్ కాకుండా షెల్ ఫంక్షన్‌గా ఉంటుందంటే, విడిగా నడిచే ప్రోగ్రామ్ తనని పిలిచిన షెల్ పాత్‌ని మార్చలేదు. అందుకే వెనకనున్న ప్రోగ్రామ్ షెల్ కమాండ్లని అచ్చువేసి ఇస్తే, ఆ ఫంక్షన్ వాటిని ఇవాల్ చేస్తుంది, అంటే ఆ షెల్‌లోనే నడుపుతుంది. మార్పు ఆ ఒక్క టెర్మినల్‌కే, మూసేస్తే పోతుంది. మెషీన్ మొత్తానికి ఒకే స్విచ్ తిప్పడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

కెర్నల్ మాడ్యూల్ బిల్డ్ చేసేవాళ్లు ముందు /ప్రాక్/వెర్షన్ చదవండి, ఆ కెర్నల్‌ని ఏ జీసీసీతో కట్టారో అందులోనే ఉంటుంది. అదే వాడండి, వేరే తెలివితేటలు వద్దు.

ఏ వెర్షన్ వాడినా భాషా ప్రమాణం మాత్రం చేత్తో రాసిపెట్టుకోవాల్సిందే. ఏమీ రాయకపోతే సీ++లో జీసీసీ 6 నుంచి 10 దాకా సీ++14, 11 నుంచి 15 దాకా సీ++17. అంటే కంపైలర్ మార్చామనుకుంటాం, దాంతోపాటు భాష కూడా మారిపోతుంది. ఈ మధ్య జీసీసీ 15ని ఒక కంటైనర్‌లో పెట్టి మా పాత సీ కోడ్ ఇచ్చి చూశాను. 2025లో వచ్చిన ఆ వెర్షన్‌లో సీ డిఫాల్ట్ సీ23 అయింది. బూల్ ఇప్పుడు కీవర్డ్ (భాష తనకే ఉంచుకున్న పేరు), కాబట్టి ఎవరో పూర్వీకులు హెడర్‌లో రాసిన టైప్‌డెఫ్ ఇంట్ బూల్ దగ్గరే ఆగింది. ఖాళీ బ్రాకెట్లంటే ఆర్గ్యుమెంట్లు లేవనే అర్థం కూడా వచ్చింది, దాంతో కాల్‌బ్యాక్‌లన్నీ (వేరే కోడ్ తర్వాత పిలిచేలా ఇచ్చే ఫంక్షన్లు) ఎర్రర్లే. ప్రస్తుతానికి ఆ ఫోల్డర్‌కి -ఎస్‌టీడీ=జీఎన్‌యూ17 అని ప్రీసెట్‌లో రాసేశాను. కాల్‌బ్యాక్‌లకి సరైన ప్రోటోటైప్‌లు రాయడం మొదలైంది, టైప్‌డెఫ్ తియ్యాలంటే మాత్రం ఆ హెడర్ వాడే ఇంకో రెండు టీమ్‌లు ఒప్పుకోవాలి.